జొన్నచేలో పలికిన పిల్ల

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే దాన్ని పాడుచేసేది నేనే. సూరత్‌లో మా డిండోలి గల్లీలో రాత్రి డ్యూటీ నుంచి వచ్చేవాళ్ళు పట్టాల పక్కన తెల్లచీర మనిషి కనిపించిందని చెప్తే, "ఏం తెల్లచీర? పాలిస్టరా, కాటనా? ఫాల్ కుట్టి ఉందా, లేదా?" అని అడిగేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. చెప్పేవాళ్ళకు మండేది. చీరలకు ఫాల్ కుట్టి బతికేదాన్ని, నా కంటికి చీరే కనిపిస్తుంది గానీ దయ్యం ఎక్కడ కనిపిస్తుంది? మా అమ్మ పోచమ్మకు మొక్కేటప్పుడు నేనూ పక్కన నిలబడి దండం పెడతాను, ప్రసాదం తింటాను. నా భక్తి అంతే, నా భయమూ అంతే.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, నా గురించి మా వాళ్ళలో రకరకాల మాటలు తిరుగుతున్నాయి. ఒంటి మీదికి అమ్మవారు వచ్చిందని కొందరు. గొప్పింటి ఆడవాళ్ళ మెప్పు కోసం నాటకం ఆడానని కొందరు. తలకాయ ఖరాబయిందని ఇంకొందరు. ఇవేవీ నిజం కాదు. మరి నిజం ఏమిటంటే నాకూ పూర్తిగా తెలియదు. తెలిసినంత వరకు రాస్తున్నాను. రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి, సిగ్గుతో.

నా పేరు స్వరూప. మా అమ్మానాన్నలది కరీంనగర్ వైపు ఊరు. నేను పుట్టింది, పదో తరగతి దాకా చదివింది సూరత్‌లోనే. మా బాపు ఉధ్నాలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఆ చప్పుడులో ఏళ్ళ తరబడి నిలబడి ఆయన చెవులు దాదాపు పోయాయి. ఆయనకు ఏదైనా చెప్పాలంటే భుజం తట్టి, ఎదురుగా నిలబడి, పెదవులు పెద్దగా కదిలిస్తూ చెప్పాలి. ఫోను ఆయనకు పనికిరాని వస్తువు. అమ్మ ఇంట్లోనే చీరలకు రాళ్ళు అతికిస్తుంది. నేను ఒక కుట్టు దుకాణంలో ఫాల్, పీకో పని చేస్తాను. పని తొందరగానే వచ్చింది, నోరు మాత్రం పుట్టుకతోనే వచ్చింది. ఆ నోరే ఇంత పని చేసింది.

మా దుకాణానికి సుధా మేడం అని ఒకావిడ వచ్చేది. ఆంధ్రా వైపు వాళ్ళు. భర్త రైల్వేలో పెద్ద ఉద్యోగి, ఒక్కతే కూతురు. నేను తెలుగు మాట్లాడతానని తెలిశాక చీరలు క్వార్టర్స్‌కే తెచ్చివ్వమనేది. వెళ్ళినప్పుడు టీ ఇచ్చి కూర్చోబెట్టేది. వాళ్ళ ఇంట్లో దేవుడి గూడు ఉండాల్సిన చోట ఒక పీట ఉండేది. దాని మీద ఎండిన కొమ్మలు, నున్నటి రాళ్ళు, మట్టి దీపం, ఏ కాలానికి ఏ పువ్వు దొరికితే ఆ పువ్వు. ఎవరింట్లోనూ అలాంటిది చూడలేదు కాబట్టి, ఇది ఏ దేవుడండీ అని అడిగేశాను.

మేడం నవ్వి వివరంగా చెప్పింది. బయటి దేశాల్లో ఇప్పుడు కొంతమంది నేలనీ, సూర్యుడినీ, చెట్లనీ పూజిస్తారట. వాళ్ళను పేగన్లు అంటారట. ఎండాకాలం, చలికాలం మారే రోజులను, పగలూ రాత్రీ సమానమయ్యే రోజులను పండగలుగా చేసుకుంటారట. మేడం ఆ పుస్తకాలు చదివి, ఫోన్లో వాళ్ళ మాటలు విని, ఇక్కడ కొంతమంది ఆడవాళ్ళను పోగుచేసి ఒక గ్రూపు పెట్టింది. తెలుగు ఆవిడ మేడం ఒక్కతే, మిగతావాళ్ళు గుజరాతీలు, ఒకరిద్దరు మార్వాడీలు. ఏదో ఒక తోటలో కలుస్తారు, గుండ్రంగా కూర్చుంటారు, దీపాలు పెడతారు, పాడతారు.

"గుడి లేదు, పంతులు లేడు. నేలే మాకు తల్లి" అంది మేడం.

నేను ఊరుకుంటానా? "దానికి ఫారిన్ దాకా పోవుడెందుకు మేడం? మా నాయనమ్మ గదే చేసేది" అన్నాను.

అలా అనకపోయి ఉంటే బాగుండేది.

మా నాయనమ్మ చేసేది ఇది. ఊళ్ళో ఆమెకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన చిన్న జొన్నచేను ఉండేది. దీపావళికి సూరత్‌లో కార్ఖానాలు బంద్ పడితే మేం ఊరికి వెళ్ళేవాళ్ళం. అప్పటికి చేను కోతకు వచ్చి ఉండేది. కోతకు ముందు రోజు పొద్దు వాలాక నాయనమ్మ చేను చుట్టూ తిరిగేది. మొదటి కంకులు నాలుగు కోసి కొంగులో పెట్టుకుని, పసుపు బియ్యం చల్లుకుంటూ, చేనులో ఉన్న జీవాన్ని ఇంటికి పిలిచేది. "తల్లీ, ఇంటికత్తవా?" అని అడిగేది. చేను లోపల దాక్కున్న ఒక ఆడపిల్ల "వత్తున్న" అని పలకాలి. ఒక్కో మూల దగ్గర ఒకసారి. అంతా అయ్యాక నాయనమ్మ వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వెళ్ళి, ఆ కంకులను గుమ్మానికి కట్టేది. వేరే ఇళ్ళలో ఇది ఉందో లేదో నాకు తెలియదు, మా ఇంట్లో మాత్రం ఉండేది.

చేనులో పలికే ఆ పిల్లను నేనే. మా ఇంట్లో ఇంకో ఆడపిల్ల లేదు.

పలికాక ఆ పిల్ల తనంతట తను బయటికి రాకూడదు. ఇంటివాళ్ళు ఎవరైనా వచ్చి ఎత్తుకుని తీసుకురావాలి. లేకపోతే జీవం చేనులోనే ఉండిపోతుందని నాయనమ్మ అనేది. ప్రతిసారీ బాపు వచ్చేవాడు. నాకంటే రెట్టింపు ఎత్తున్న జొన్న మధ్య, చీకటి పడుతుంటే, ఆకులు గరగరమంటుంటే, బాపు అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. తర్వాత నాయనమ్మ పోయింది, చేను వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది, ఆ ముచ్చట అక్కడితో ముగిసిపోయింది.

ఇదంతా టీ తాగుతూ నవ్వుతూ చెప్పాను. మేడం మాత్రం కప్పు కింద పెట్టేసింది. కళ్ళు తడయ్యాయి.

"స్వరూపా, ఇది ఎంత గొప్పదో నీకు తెలుసా? మా వాళ్ళ కోసం ఒక్కసారి చేసి చూపిస్తావా?"

చలికాలంలో పగలు బాగా చిన్నదైపోయి, మర్నాటి నుంచి మళ్ళీ పెరిగే రోజు ఒకటి వస్తుందట. వాళ్ళకు అది పెద్ద పండగ. సూరత్ బయట జోల్వా ఊరు దాటాక ఆ గ్రూపులో ఒకావిడ బంధువులకు జొన్నచేను ఉంది. సూరత్‌లో చలికాలం వస్తే లేత జొన్నకంకులు కాల్చి, గింజలు రాల్చి పోంక్ అని అమ్ముతారు కదా, ఆ పంట. మా ఊళ్ళో ఊచబియ్యం అనేది దాన్నే. అక్కడ చేద్దామంది.

నాకు అప్పటికే సంబంధం కుదిరింది. రమేష్ అని, సూరత్‌లోనే ఉన్ అనే చోట ఉంటాడు, ఎంబ్రాయిడరీ మిషన్ల మీద పని. మావాళ్ళే, మంచివాడు. నాతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఒక్క మాటకు నాలుగు మాటలు నేనే అంటే, నవ్వుతూ వినేవాడు. సంక్రాంతి దాటాక లగ్గం పెట్టుకుందామనుకున్నారు. అందుకే అమ్మ వద్దంది.

"మాట ఖాయమైన పోరివి. ఊరిబయట చేన్లపొంటి నీకేం పనే?"

"అందరు ఆడోళ్ళే అమ్మా. కారుల తోల్కపోయి కారుల దించుతరు."

"కారుల తిప్పితే ఏమన్న చేస్తవా?"

నిజం చెప్పాలంటే కారు కోసం కాదు. నా జీవితంలో ఎవరూ నన్ను ఏదీ చేసి చూపించమని అడగలేదు. అంత చదువుకున్నవాళ్ళు నా దగ్గర నేర్చుకుంటామంటే పొంగిపోయాను.

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే చేరుకున్నాం. జొన్న నా తలకంటే ఎత్తుగా ఉంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఖాళీ నేల, దూరంగా కార్ఖానా గొట్టాలు. చేను పనివాళ్ళు పొద్దున్నే కంకులు కోసుకుని వెళ్ళిపోయారట, ఎవరూ లేరు. ఆడవాళ్ళంతా తలకు పూల చుట్టలు పెట్టుకున్నారు. గట్టు మీద గుండ్రంగా కూర్చుని చేతులు పట్టుకుని కాసేపు మౌనంగా ఉన్నారు. చప్పుడు లేకుండా కూర్చోవడం నాకు చేతకాదు. పుట్టినప్పటి నుంచి సాంచాల మోతలో పెరిగినదాన్ని, చప్పుడు ఆగిపోతే ఏదో తెగినట్టు ఉంటుంది. నవ్వు ఆపుకోవడానికి చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

పొద్దు కిందికి వాలాక మేడం సైగ చేసింది. నేను లేచి కంకులు కోసి చున్నీలో పెట్టుకుని, పసుపు బియ్యం గిన్నె పట్టుకుని చేను అంచున నడవడం మొదలుపెట్టాను. వాళ్ళు గట్టు మీదే ఉండి చూస్తున్నారు. ఒకావిడ ఫోన్లో వీడియో తీస్తోంది.

మొదటి మూల దగ్గర గొంతు సవరించుకుని పిలిచాను. "తల్లీ, ఇంటికత్తవా?"

పిలిచాక గుర్తొచ్చింది, పలికేవాళ్ళను లోపల పెట్టలేదని. ఎలా మరిచిపోయానంటే, చిన్నప్పుడు ఎప్పుడూ లోపల ఉన్నది నేనే. పిలిచేవాళ్ళు పిలుస్తారు, లోపల నేను ఉంటాను. ఎవరిని పెట్టాలన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు, ఎందుకంటే పెట్టాల్సిన మనిషిని నేనే. ఛీ, ఇంతమంది ముందు తెలివితక్కువ పని చేశానే అని నాలుక కరుచుకున్నాను.

అప్పుడు చేనులోంచి వినిపించింది. "వత్తున్న."

చిన్నపిల్ల గొంతు. ఎవరో ఆటపట్టిస్తున్నారని గట్టు వైపు చూశాను. అందరూ కూర్చున్నచోటే ఉన్నారు. మేడం ముఖంలో సంతోషం, అంతే. నేనే ఎవరో పిల్లను తెచ్చి దాచానని ఆమె అనుకుందట, తర్వాత చెప్పింది. నేనేమో మేడం ఏర్పాటు అనుకున్నాను. నడిచాను.

రెండో మూల దగ్గర పిలిచాను. పలికింది. ఈసారి దగ్గరగా. నా వెంట లోపలి నుంచి నడుస్తున్నట్టుగా. గాలి లేదు, ఆకులు కదలలేదు. అప్పుడు తట్టింది నాకు. గుజరాత్‌లో, జోల్వా దగ్గర, జొన్నచేనులో, మా ఊరి మాట ఎవరు మాట్లాడతారు? మేడం కూడా "వస్తున్నాను" అంటుంది గానీ "వత్తున్న" అనదు.

మూడో మూల దగ్గర నేను పూర్తిగా పిలవనేలేదు. "తల్లీ, ఇంటి..." అంటుండగానే నా మాట మీద మాటగా "వత్తున్న, వత్తున్న" అని వచ్చింది. తొందరపడుతున్నట్టు, ఏడుపు వస్తున్నట్టు. ఆ గొంతు నాది. చిన్నప్పటి నా గొంతు. ఎలా గుర్తుపట్టావని అడుగుతారు. నాకు తెలియదు. మన ముఖం అద్దంలో చూస్తే మనదే అని ఎవరైనా చెప్పాలా?

నేను గిన్నె పారేసి చేనులోకి దూరాను. నాకు స్పృహ పోలేదు, ఏ అమ్మవారూ రాలేదు. అంతా తెలుస్తూనే ఉంది. "ఏడున్నవే? ఏడున్నవే బిడ్డా?" అని అరుస్తూ జొన్న విరిచేసుకుంటూ తిరిగాను. ఎవరో కష్టపడి పెంచిన పంట. చున్నీ ఎక్కడో పడిపోయింది. జుట్టు ఊడిపోయింది. ఆకుల అంచులు చేతులు, చెంపలు కోశాయి. తడి మట్టిలో జారిపడి, చేతుల మీద, మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. ఏడుస్తూ, ముక్కు కారుతూ. అక్కడ ఎవరూ లేరు. పిల్ల అడుగు కూడా లేదు, నా అడుగులే.

అంతలో వాళ్ళంతా లోపలికి వచ్చి నా చుట్టూ గుండ్రంగా నిలబడ్డారు. నన్ను లేపుతారనుకున్నాను. లేపలేదు. ఏదో రాగం తీస్తూ మెల్లగా ఊగారు. మేడం ఏడుస్తోంది. ఒక పెద్దావిడ వంగి నా మట్టి కాళ్ళకు దండం పెట్టింది. మా అమ్మ కంటే పెద్దది. కార్లో కూర్చోబెట్టి బయల్దేరుతుంటే, లోపల చీకట్లో ఒక పిల్లను వదిలేసి వెళ్ళిపోతున్నాం అనిపించింది. ఆపండి అనలేదు. ఏమని ఆపాలి?

వీడియో వాళ్ళ గ్రూపులో పెట్టారు. ఎవరో స్టేటస్ పెట్టుకున్నారు. అది ఎక్కడెక్కడో తిరిగి మా డిండోలి గల్లీకి చేరింది. నీళ్ళ ట్యాంకర్ దగ్గర నిలబడితే చాలు, మొదలుపెట్టేవాళ్ళు.

"ఏమే స్వరూపా, మా అత్త నోరు ఎన్నడు మూస్తదో జర అమ్మోరిని అడిగి చెప్పవే."

"దయ్యం చీరకు ఫాల్ ఉన్నదా అని అడుగుతుంటివి గదనే, ఇప్పుడు నువ్వే కుట్టియ్యి."

ఇదివరకైతే ఒకటికి రెండు అనేదాన్ని. అప్పుడు మాత్రం తల దించుకుని బిందె ఎత్తుకుని వచ్చేసేదాన్ని.

సుధా మేడంకు ఫోన్ చేసి తీసెయ్యమన్నాను. వెంటనే తీసేయించింది, కానీ అప్పటికే చెయ్యి దాటిపోయింది. "సిగ్గుపడాల్సింది ఏం లేదమ్మా, అది నీకు దొరికిన వరం" అంది. "అట్లయితే మీ బిడ్డకు దొరకాల్సింది మేడం" అన్నాను. మేడం నెమ్మదిగా "నిజమే" అంది. ఆమెను తిట్టి కూడా నాకు బాధే అనిపించింది. ఆమె నమ్మకం ఆమెది, అందులో మోసం లేదు. నేను అడగమంటే, ఆ చేను యజమానిని కూడా అడిగి చెప్పింది. అక్కడ తెలుగువాళ్ళు ఎవరూ లేరు, ఆ రోజు పిల్లలూ రాలేదు.

రమేష్ వాళ్ళమ్మ వస్తానని కబురు పెట్టింది. అమ్మకు నిద్రపట్టలేదు. మావాళ్ళలో పెళ్ళికాని పిల్లకు పూనకం వచ్చిందంటే, అమ్మవారికి కట్టుబడ్డ మనిషి అని, శివసత్తి అవుతుందని, సంసారానికి పనికిరాదని అంటారు. సంబంధం నిలవాలంటే ఒక్కటే దారి.

"యాక్టింగ్ అని చెప్పు. మేడం చెయ్యమన్నది, చేసిన అను. ఆ పలికిన పోరి వాచ్‌మన్ బిడ్డ అను. సమజైందా?" అని అమ్మ నాకు పాఠం చెప్పింది. తల ఊపాను. నాకూ రమేష్ కావాలి. ఈ మాట ఇక్కడ రాయడానికి సిగ్గే, కానీ కావాలి.

ఆదివారం మధ్యాహ్నం రమేష్, వాళ్ళమ్మ వచ్చారు. ఆమె నోరు నా నోరు లాంటిదే. మామూలప్పుడైతే ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ రోజు నవ్వలేదు.

"వదినె, మా పోరడు మిషన్ల దారం తెగితెనే బెదురుతడు. గిసొంటియి ఎట్ల తట్టుకుంటడు చెప్పు?"

"అయ్యో వదినె, గది ఉత్త నాటకం. ఆ మేడంలు ఆడిపిచ్చిన్రు" అంది అమ్మ.

"నాటకమైతె మంచిదే. అందరం కూసొని ఒక్కపారి సూద్దాం" అని ఆమె రమేష్ ఫోను తీసి మంచం మీద పెట్టింది.

నేను ఆ వీడియో అంతకుముందు చూడలేదు. అప్పుడూ చూడలేదు, గచ్చు వైపు చూస్తూ కూర్చున్నాను. బాపు గుమ్మం దగ్గర మాకు వీపు పెట్టి, వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు ఏమీ వినపడదు కాబట్టి ఎవరూ పిలవలేదు.

నా గొంతు వచ్చింది, పలుకు వచ్చింది. మళ్ళీ నా గొంతు, మళ్ళీ పలుకు. రమేష్ వాళ్ళమ్మ ఫోను ఆపింది.

"ఈ పోరి ఎవలు?"

"ఆడి వాచ్‌మన్ బిడ్డ వదినె" అంది అమ్మ.

"వాచ్‌మన్ మనోడా?"

"కాదు, గుజరాతోడు."

"గుజరాతోని బిడ్డ 'వత్తున్న' అంటదా?"

అమ్మ నా వైపు చూసింది. నేను ఏదో చెప్పాలి. రమేష్ వాళ్ళమ్మ మళ్ళీ ఫోను నొక్కింది. మూడో మూల వచ్చింది. నా పిలుపు సగంలో ఉండగానే ఆ పిల్ల గొంతు దాని మీద పడింది, రెండూ కలిసి వినిపించాయి. ఒకే నోటితో ఎవరూ అలా రెండు మాటలు పలకలేరు. రమేష్ ముఖం తెల్లబోయింది.

అప్పుడే గుమ్మం దగ్గర నుంచి బాపు గట్టిగా అన్నాడు. చెవులు వినపడనివాళ్ళు మాట్లాడేటట్టు, ఇల్లంతా మోగేలా.

"ఆగు బిడ్డా, నేనత్తున్న!"

అని లేచి నిలబడ్డాడు. వీధిలోకి ఒక అడుగు కూడా వేశాడు. ఊళ్ళో, చేను గట్టు మీద నుంచి నన్ను తీసుకెళ్ళడానికి వస్తూ ఆయన అరిచే మాట అది. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో.

మేమందరం ఆయన్నే చూస్తున్నాం. ఆయన వెనక్కి తిరిగి, అందరూ తననే చూడటం చూసి కంగారుపడ్డాడు. "ఏమైంది? ఏందే అట్ల సూస్తున్రు?" అన్నాడు. అమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడి, పెదవులు కదిలిస్తూ అడిగింది, ఎవరితో మాట్లాడావని. ఆయన తల అడ్డంగా ఊపాడు. తాను ఏమీ అనలేదన్నాడు. ఎవరూ పిలవలేదన్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కి లేచానన్నాడు. ఇప్పటికీ అదే అంటాడు, ఎక్కువ అడిగితే కోప్పడతాడు.

రమేష్ వాళ్ళమ్మ చెప్పులు వేసుకుంది. టీ గ్లాసులు అలాగే ఉన్నాయి. పోతూ నా తల మీద చెయ్యి పెట్టింది. "నీ తప్పేం లేదు పిల్లా. కానీ నాకు ఒక్కడే కొడుకు" అంది. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

కొన్నాళ్ళకు రమేష్ ఫోన్ చేశాడు. ఎంబ్రాయిడరీ మిషన్ల పక్కనుంచే చేసినట్టున్నాడు, మోత వినిపిస్తోంది.

"స్వరూపా, నేను అమ్మను ఒప్పిస్త. నువ్వు ఒక్కమాట చెప్పు సాలు. యాక్టింగ్ అని. ఆ గొంతు మొబైల్ల పెట్టినమని. నేను నమ్ముత."

"నువ్వు నిజంగ నమ్ముతవా?"

"నమ్ముతనో లేదో తర్వాత. నువ్వు చెప్పు. మస్తు ఇష్టం నువ్వంటే."

చెప్పాలనే అనుకున్నాను. పక్కగదిలో అమ్మ రాళ్ళు అతికించడం ఆపి వింటోందని తెలుసు. ఆ ఒక్క మాట అంటే అమ్మ పరువు నిలుస్తుంది, నా పెళ్ళి నిలుస్తుంది. "అవును, యాక్టింగే" అనడానికి నోరు తెరిచాను. అప్పుడు ఎంత సిగ్గు వేసిందంటే, వీడియో ఊరంతా తిరిగినప్పుడు కూడా అంత వేయలేదు. ఒక చిన్నపిల్ల నా కుర్తా పట్టుకుని నిలబడి ఉండగా, దాని ముందే, ఇది ఎవరో నాకు తెలియదు అని చెప్తున్నట్టు అనిపించింది. అక్కడ ఎవరూ లేరు, నాకు తెలుసు. అయినా అనిపించింది.

"యాక్టింగ్ కాదు" అన్నాను.

మిషన్ల మోత కాసేపు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

అమ్మ ఆ పూట నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మాట్లాడలేదు. నేను తప్పు చేశానో, ఒప్పు చేశానో అప్పుడూ తెలియలేదు. పెళ్ళి పోగొట్టుకుని ఏం గెలిచావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ గ్రూపుకు మళ్ళీ వెళ్ళలేదు. సుధా మేడం చీరలు మాత్రం కుడుతున్నాను. ఆమె ఆ సంగతి ఎత్తదు, నేనూ ఎత్తను. ఆ పీట మీద ఏ పువ్వు పెట్టిందో ఓరకంట చూసి వచ్చేస్తాను.

మొన్న సంబంధాలు చూసే ఆవిడ మా ఇంటికి వచ్చింది. సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్ళో ఎవరో ఉన్నారట. నేను లోపలి గదిలో ఉన్నాను. అమ్మ ఆమెకు నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, తనే మొదలుపెట్టింది.

"అక్కా, ముందుగాల్నే చెప్తున్న. జొన్నచేన్ల మా పోరికి ఒకపారి గిట్లయింది. వీడియో కూడ ఉన్నది. వాళ్ళను అది సూసినంకనే రమ్మను. సూసి రాకున్న మాకేం కోపం లేదు."

నాకు ముఖం మండిపోయింది. బయటికి వెళ్ళి అమ్మ నోరు మూయాలనిపించింది. కదలలేకపోయాను. ఆ వీడియోను మా అమ్మే ఒకరికి చూపిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

అమ్మ ఫోన్లో ఆవిడకు చూపించింది. చూశాక ఆవిడ అడిగింది, "మరి గది ఏందక్కా?"

"మాకు తెల్వది" అంది అమ్మ.

నాకూ తెలియదు.